న్యూయార్కులో నిలిచిన ఎస్తోనియా

బాల్టిక్ సముద్రపు తూర్పు తీరమున ఎస్తోనియా అను చిన్న దేశం కలదు. వైశాల్యం సుమారు 45,000 చదరపు కిలోమీటర్లు. ఉత్తరాన ఫిన్లాండు సింధుశాఖ, తూర్పున రష్యా, దక్షిణాన లాట్వియా. అడవులు, చిత్తడినేలలు, రెండు వేలకు పైగా దీవులు. అన్నిటికన్న ఎత్తయిన కొండ 318 మీటర్లే! అడ్డులేని నేల గనుక డేన్లు, జర్మనులు, స్వీడనువారు, రష్యావారు వచ్చి ఏలినారు.

రాజు ఎవరైనను భూమి మాత్రం జర్మను దొరల ఎస్టేటులలోనే ఉండెడిది. రైతు ఎస్టేటుకు కట్టుబడిన మనిషి. దొర అనుమతి లేక ఊరు విడువరాదు. మారిషస్‌లో చెరకుతోట దాటుటకు పాసు చూపిన మన తాతల సంతతికి ఇది వేరుగా వివరించనక్కరలేదు. ఆ దాస్యం ఉత్తర భాగమున 1816లో, దక్షిణాన 1819లో రద్దయినది గాని భూమి దొరల చేతనే ఉండిపోయినది. 1918 ఫిబ్రవరి 24న స్వాతంత్ర్యం ప్రకటించుకొన్న మరుసటి ఏడే, ఒకవైపు యుద్ధం సాగుచుండగనే, ఎస్టేటులను రైతులకు పంచుటకు చట్టం చేసినారు. నా దృష్టిలో జెండాకన్న ఇది పెద్ద సంగతి.

1939 ఆగస్టులో హిట్లరు, స్టాలిను ప్రభుత్వాలు తూర్పు ఐరోపాను రహస్యంగా పంచుకొన్నవి. మరుసటి సంవత్సరమే సోవియట్ సేనలు ఎస్తోనియాను ఆక్రమించినవి. 1940 జూలై 23న అమెరికా ప్రభుత్వం తరఫున సమ్నర్ వెల్స్ ఈ దురాక్రమణను ఖండించినాడు. దానిని అమెరికా ఎన్నడును చట్టబద్ధమని గుర్తించలేదు. సైన్యం పంపలేదు గదా, ఉత్త మాటే గదా అని కొందరందురు. నిజమే. అయినను ఆ మాట వలననే న్యూయార్కులోని ఎస్తోనియా కాన్సులేటు మూతపడలేదు. పటములో లేని దేశానికి అక్కడ పాసుపోర్టులు ఇచ్చుచుండిరి! శరణార్థులు ఆ నగరములోనే ఎస్తోనియా గృహమున పిల్లలకు మాతృభాష నేర్పినారు. నడివయసులో బడి ముగిసిన తర్వాత సాయంకాలపు తరగతిలో అ ఆలు దిద్దిన నాకు ఆ గది కళ్లకు కట్టినట్లుండును.

1965 నుండి కాన్సులేటును నడిపినవాడు ఎర్నస్ట్ యాక్సన్. 1905లో పుట్టిన ఈయన దేశం పోకముందే విదేశాంగ ఉద్యోగి. అక్కడ స్వదేశమున 1988లో జనం పాటలతోనే ఎదిరించినారు. 1989 ఆగస్టు 23న మూడు బాల్టిక్ దేశాలవారు, సుమారు ఇరవై లక్షలమంది, దాదాపు 600 కిలోమీటర్ల పొడవున చేయి చేయి పట్టి నిలిచినారు. 1991 ఆగస్టు 20న ఎస్తోనియా స్వాతంత్ర్యం తిరిగి ప్రకటించినది. ఎనుబదియారేండ్ల యాక్సన్‌నే అమెరికాకు రాయబారిగా నియమించినారు. చివరి రష్యా సేనలు 1994 ఆగస్టు 31న వెడలిపోవుట కూడ చూచి, ఆయన 1998లో కన్నుమూసినాడు.