ది టాక్సిక్ అవెంజర్

ది టాక్సిక్ అవెంజర్ 1984 నాటి అమెరికన్ సూపర్‌హీరో పేరడీ సినిమా. దీన్ని నిర్మించినది న్యూయార్క్‌కు చెందిన ట్రోమా సంస్థ. 1974లో ఆ సంస్థను స్థాపించిన లాయిడ్ కాఫ్‌మన్, మైకేల్ హెర్జ్‌లే దర్శకులు. కాఫ్‌మన్ పేరు తెరమీద శామ్యూల్ వైల్‌గా కనిపిస్తుంది. ఖర్చు సుమారు 5 లక్షల డాలర్లు. 1978 నాటి ‘సూపర్‌మ్యాన్’కు అయినదానిలో ఇది దాదాపు వందో వంతు. న్యూజెర్సీలోని ట్రోమావిల్ అనే కల్పిత పట్టణంలో, ఒక హెల్త్ క్లబ్‌లో నేల తుడిచే మెల్విన్ అనే బక్కపలచని కుర్రాణ్ణి అక్కడి కండల వీరులు నలుగురిలో నవ్వులపాలు చేస్తారు. అతను కిటికీలోంచి దూకి, బయట లారీలో ఉన్న విషవ్యర్థాల పీపాలో పడి, వికృతరూపంతో మహాబలశాలి అవుతాడు. చేతిలో మాప్ కర్రే ఆయుధంగా దుండగులను వేటాడతాడు. 1985లో న్యూయార్క్‌లోని బ్లీకర్ స్ట్రీట్ సినిమా అనే థియేటర్లో అర్ధరాత్రి ఆటలతో దీనికి అభిమానగణం ఏర్పడింది.

ఈ సినిమా నెత్తురుతో, బూతుతోనే నిలిచిందని సాధారణంగా అంటారు. ట్రోమా చరిత్రే ఆ మాటకు అడ్డు వస్తుంది. ‘స్క్వీజ్ ప్లే’ (1979) మొదలు ‘ది ఫస్ట్ టర్న్-ఆన్’ (1983) దాకా ఆ సంస్థ తీసిన శృంగార హాస్య చిత్రాల్లో బూతుకు కొరత లేదు. అయినా వాటిలో ఏదీ ఇంతటి పేరు తెచ్చుకోలేదు. 1991లో ఇదే కథ నుంచి నగ్నత్వాన్ని, హత్యలను తీసేసి ‘టాక్సిక్ క్రూసేడర్స్’ అనే పిల్లల కార్టూన్ చేశారు. 13 భాగాలే వచ్చినా, మురికి తీసేశాక కూడా కథ కథగానే మిగిలింది. బూతు ఉన్నవి మరుగునపడి, బూతు పోయినా కథ నిలిచిందంటే అసలు బలం ఇంకెక్కడో ఉందన్నమాట. అది కథలోని తిరగవేతలో ఉంది. ఇక్కడ వీరుడు ఆకాశం నుంచి దిగిన దేవుడూ కాదు, కోటీశ్వరుడూ కాదు, ఒకరి మురికి శుభ్రం చేసే కూలివాడు. అతని శత్రువు మరో గ్రహవాసి కాదు, సొంత ఊరి మేయరు.

కాలుష్యం వట్టి సాకు, రాక్షసుణ్ణి పుట్టించడానికి ఏదో ఒకటి కావాలి కదా అని ఆక్షేపించవచ్చు. పిల్లల కార్టూన్ కూడా అప్పటి పర్యావరణ మోజులో, బొమ్మల వ్యాపారం కోసం వచ్చిందే అన్నదీ చాలావరకు నిజం. కానీ ఆ సాకు గాలిలోంచి ఊడిపడలేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని లవ్ కెనాల్‌లో పూడ్చిన రసాయన వ్యర్థాల పక్కనే ఇళ్లు కట్టిన సంగతి 1978లో దేశమంతా తెలిసింది. అలాంటి స్థలాలను శుభ్రం చేయడానికి 1980లో సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద శుభ్రం చేయవలసిన స్థలాల జాబితాలో అత్యధిక స్థలాలున్న రాష్ట్రం న్యూజెర్సీయే. వీధిలో నిలిపిన విషపు పీపాలు ఆనాటి ప్రేక్షకుడికి అర్థం కాని కల్పన కాదు. స్త్రీలను, అంధురాలైన నాయికను హాస్యవస్తువులుగా వాడుకున్నారన్న విమర్శకు మాత్రం సమర్థన లేదు. బలహీనుడి పక్షం వహించిన సినిమా ఇతర బలహీనులను చూసి నవ్వింది. ఆ లోపం వాదాన్ని తగ్గిస్తుందే గాని కొట్టివేయదు.

అసలు బలం కథలోని తిరగవేతలోనే ఉందని తరవాతి చరిత్ర కూడా చెబుతుంది. 1989లో రెండు, 2000లో ఒకటి కొనసాగింపులు వచ్చాయి. 2008లో న్యూజెర్సీలోనే ఇది సంగీత నాటకమైంది. ట్రోమాలో ‘ట్రోమియో అండ్ జూలియెట్’ (1996) రాసిన జేమ్స్ గన్ 2025లో ‘సూపర్‌మ్యాన్’కే దర్శకుడయ్యాడు. మేకన్ బ్లెయిర్ దర్శకత్వంలో 2023లో తొలిసారి ప్రదర్శితమై, 2025లో థియేటర్లకు వచ్చిన పునర్నిర్మాణంలో పీటర్ డింక్లేజ్ పోషించిన పాత్ర కూడా నేల తుడిచేవాడే. ప్రాణాంతక జబ్బు చేస్తే బీమా అతన్ని ఆదుకోదు. నలభై ఏళ్లలో ఫిర్యాదు చెత్తకుప్ప నుంచి వైద్యఖర్చుకు మారింది. దాన్ని మోసే పాత్ర వృత్తిని మార్చవలసిన అవసరం మాత్రం కొత్త దర్శకుడికీ కనిపించలేదు.