బెంగళూరు రైలు దారిలో మూర్ఛ వైద్యం

మూర్ఛను అదుపులో పెట్టే మందు దొరికి నూరేళ్లు దాటింది. 1912లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో ఆల్ఫ్రెడ్ హాప్ట్‌మన్ అనే యువ వైద్యుడు, నిద్ర పట్టడానికి ఇచ్చే ఫినోబార్బిటాల్ వాడినవాళ్లకు ఫిట్స్ తగ్గుతున్నాయని కనిపెట్టి రాశాడు. గార్డినాల్ పేరుతో మన మందుల షాపుల్లో దొరికేది అదే. ఇప్పటికీ ఈ జబ్బుకున్న మందుల్లో అంత చవకైనది మరొకటి లేదు. అయినా పేద దేశాల్లో మూర్ఛ ఉన్నవాళ్లలో నాలుగింట మూడు వంతుల మందికి సరైన వైద్యం అందడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మూర్ఛ పరిశోధన చరిత్రను కొత్త మందుల వరుసగా చెప్పడం పరిపాటి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి చూసేవాళ్లకు అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటుంది: ఆ బిళ్ల రోగి ఇంటికి చేరిందా, నెల తిరిగాక మళ్లీ చేరిందా?

పాతకాలం సంగతి త్వరగా ముగిస్తాను. చరకుడు అపస్మారానికి నిదానస్థానంలోనూ చికిత్సాస్థానంలోనూ అధ్యాయాలు కేటాయించాడు. వాత, పిత్త, కఫ, సన్నిపాతాలని నాలుగు రకాలు చేసి, ఘృతాలు, నస్యాలు సూచించాడు. గ్రీసులో హిపోక్రటీస్ సంప్రదాయం వాళ్లు క్రీస్తుకు పూర్వం సుమారు 400 నాటికే ఇది దేవుడి కోపం వల్ల వచ్చేది కాదు, మెదడు జబ్బు అని వాదించారు. ఆ మాట నిలబడడానికి రెండు వేల ఏళ్లకు పైనే పట్టింది. 1857లో లండన్‌లో చార్లెస్ లోకాక్ బ్రోమైడ్ వాడకాన్ని వెల్లడించాడు. 1870లలో హ్యూలింగ్స్ జాక్సన్, మెదడు కణాలు ఉన్నట్టుండి మితిమీరి విద్యుత్తు వదలడమే ఫిట్స్ అని తేల్చాడు. 1929లో హాన్స్ బెర్గర్ మనిషి మెదడులోని ఆ విద్యుత్తును కాగితం మీద గీతలుగా చూపించాడు. 1938లో మెరిట్, పుట్నమ్‌లు ఫెనిటాయిన్ తెచ్చారు. మత్తు లేకుండానే ఫిట్స్‌ను ఆపవచ్చని దానితో తెలిసింది.

ఇదంతా జరుగుతున్న కాలంలో మన ఊళ్లలో మూర్ఛ వచ్చినవాడి చేతిలో తాళంచెవులు పెట్టేవారు, ముక్కు దగ్గర చెప్పో ఉల్లిగడ్డో ఉంచేవారు. గాలి సోకిందని అంత్రాలు కట్టించేవారు. పెనుకొండ బాబయ్య దర్గాకు కులమతాల పట్టింపు లేకుండా జనం వస్తారు. కష్టంలో ఉన్న తల్లిదండ్రుల నమ్మకాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదని నా అభిప్రాయం. దర్గాకు వెళ్లండి, బిళ్ల మాత్రం మానకండి అని చెప్పే వైద్యుడి మాటే జనం చెవికెక్కుతుంది.

దక్షిణాదిలో ఆధునిక అధ్యాయం వేలూరుతో మొదలైంది. మాంట్రియల్‌లో న్యూరోసర్జన్ వైల్డర్ పెన్‌ఫీల్డ్ దగ్గర శిక్షణ పొందిన జేకబ్ చాండీ 1949లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో న్యూరోసర్జరీ విభాగం పెట్టి, 1952లో మూర్ఛకు శస్త్రచికిత్స చేశాడు. దేశంలో అదే మొదటిది. రెండో మజిలీ బెంగళూరు. అక్కడి మానసిక వైద్యశాలనూ, 1954లో ఏర్పడిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థనూ కలిపి 1974 డిసెంబర్‌లో నిమ్హాన్స్‌గా చేశారు. ధర్మవరంలో రైలెక్కితే పెనుకొండ, హిందూపురం, గౌరిబిదనూరు మీదుగా బెంగళూరు చేరతాం. హిందూపురానికి రాష్ట్ర రాజధాని ఎప్పుడూ దూరమే. బెంగళూరు మాత్రం వంద కిలోమీటర్లు. తలకు సంబంధించిన ఏ జబ్బుకైనా ఈ ప్రాంతం నిమ్హాన్స్ వైపు చూడడానికి ఆ పట్టాలే కారణం. ఆ సంస్థ వైద్యులు ఆసుపత్రిలోనే కూర్చోలేదు. హిందూపురానికి పక్కనున్న గౌరిబిదనూరులోనూ, మడకశిర వైపు సరిహద్దు దాటితే వచ్చే మధుగిరిలోనూ నెలకోసారి శిబిరాలు పెట్టి, మూర్ఛ రోగులను చూసి మందులిస్తూ వచ్చారు. పెద్ద ఆవిష్కరణల పట్టికలో వీటికి చోటు దొరకదు. నాకు మాత్రం ఇవే పెద్దవిగా కనిపిస్తాయి, ఎందుకంటే మూర్ఛ మందు ఒక్కరోజు ఇచ్చేది కాదు. మూడేళ్లు, ఐదేళ్లు, కొందరికి జీవితాంతం కావాలి. కూలి పోగొట్టుకుని నెలనెలా బెంగళూరు పోలేనివాడు మందు ఆపేస్తాడు. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ముందుకన్నా ఉధృతంగా వస్తాయి.

ఈ ప్రాంతపు బతుకుతో ముడిపడ్డ ఒక రకం మూర్ఛ గురించి కాస్త వివరంగా చెప్పాలి. తలమీద వేడినీళ్లు పోసుకుంటుంటే వచ్చే ఫిట్స్ అది. 1945లో న్యూజిలాండ్‌లో ఒక పిల్లవాడిలో దీన్ని గుర్తించారు. తర్వాత అక్కడక్కడా ఒకటీ అరా కేసులు రాశారు. 1968లో బెంగళూరు న్యూరాలజిస్టు కె.ఎస్. మణి దక్షిణ భారతం నుంచి కేసులు వెల్లడించడంతో, వేరేచోట్ల అరుదైన ఈ జబ్బు ఇక్కడ మామూలుగా ఉందని తేలింది. 1988లో నిమ్హాన్స్‌కు చెందిన పి. సతీశ్‌చంద్ర బృందం 279 మంది వివరాలు ప్రచురించింది. ఇక్కడే ఎందుకంత ఎక్కువన్నది వైద్యులను తొలిచిన ప్రశ్న. స్నానం చేసే తీరే వారి దృష్టిని ఆకర్షించింది. అండాలో కాగిన నీళ్లను చెంబుతో ముంచి, గబగబా నడినెత్తిన కుమ్మరించుకోవడం మన అలవాటు. 40 నుంచి 50 డిగ్రీల వేడి ఒక్కసారిగా మాడును తాకుతుంది. కొందరు పిల్లలు ఆపకుండా ఇంకా ఇంకా పోసుకుంటూ, కళ్లు తేలేసి పడిపోతారు. మగపిల్లల్లో ఎక్కువ. కొన్ని ఇళ్లలో తరతరాలుగా వస్తుంది. బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధన కేంద్రంలో అనురంజన్ ఆనంద్ బృందం ఇలాంటి కుటుంబాలనే పరిశీలించి, 4వ, 10వ క్రోమోజోములపై దీనికి సంబంధించిన చోట్లను గుర్తించింది.

వైద్యం చాలామందికి తేలిక. నీళ్ల వేడి తగ్గించాలి, తలమీద కుమ్మరించుకోకూడదు. అది చాలనివాళ్లకు తలస్నానానికి గంటన్నర, రెండు గంటల ముందు క్లోబజామ్ బిళ్ల. రోజూ మందు మింగే అవసరం లేకుండా పోయింది. కొందరికి మాత్రం కాలక్రమంలో నీళ్లతో సంబంధం లేని ఫిట్స్ కూడా మొదలవుతాయి. వాళ్లకు రోజువారీ మందులు తప్పవు. ఇదంతా తెలియని ఇంట్లో, తలంటిన ప్రతిసారీ బిడ్డ పడిపోతుంటే స్నానాలగదిలో ఏదో ఉందని భయపడడం సహజమే.

రెండో కథ బద్దెపురుగుది. 1980లలో సీటీ స్కాన్లు వచ్చాక, ఫిట్స్ వచ్చిన పిల్లల మెదడులో చిన్న ఉంగరంలాంటి మచ్చ కనబడసాగింది. క్షయ గడ్డ అనుకుని నెలల తరబడి క్షయ మందులు వాడించారు. వేలూరులో మాథ్యూ చాండీ, వేదాంతం రాజశేఖర్ తదితరులు ఆ మచ్చలను తీసి సూక్ష్మదర్శినితో పరీక్షించి, వాటిలో ఎక్కువ భాగం పందిమాంసపు బద్దెపురుగు పిల్లదశ తిత్తులని 1989 నుంచి వరుసగా రాశారు. చాలా మచ్చలు వాటంతటవే కరిగిపోతాయి. దాంతో ఎందరో పిల్లలకు అనవసరమైన మందులు, కోతలు తప్పాయి. పందిమాంసం ముట్టని శాకాహారులకూ ఇది వస్తుంది. పురుగున్న మనిషి మలంలోని గుడ్లు నీటిలోనో, పచ్చి కూరగాయల మీదో చేరి ఇంకొకరి కడుపులోకి వెళతాయి. అందుకే ఊళ్లో మరుగుదొడ్డి కట్టడం మూర్ఛ నివారణలో భాగమే.

లెక్కల విషయానికి వస్తే, 1990లలో ఎం. గౌరీదేవి బృందం బెంగళూరు నగరం, చుట్టుపక్కల పల్లెల్లో లక్ష మందికి పైగా జనాన్ని ఇంటింటా అడిగింది. మూర్ఛ వెయ్యికి 8.8 మందిలో కనిపించింది. నగరంలో 5.7 ఉంటే పల్లెల్లో 11.9. పల్లెలోనే జబ్బు రెండింతలు, వైద్యుడేమో నగరంలో! మైసూరు వైపు యళందూరులో కె.ఎస్. మణి చేసిన పని దీనికి జవాబు చూపింది. ఫినోబార్బిటాల్, ఫెనిటాయిన్ అనే రెండు పాత మందులనే పల్లెలో క్రమం తప్పకుండా అందిస్తే సగానికి పైగా రోగులకు ఫిట్స్ ఆగిపోయాయి. 2001లో లాన్సెట్ వైద్య పత్రిక దాన్ని ప్రచురించింది. ఆ అధ్యయనాన్ని రాయలసీమలోని ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడూ చదవాలని కోరుకుంటాను.

మందులకు లొంగని మూర్ఛకు శస్త్రచికిత్స ఉంది. తిరువనంతపురం శ్రీచిత్ర వైద్య సంస్థలో 1995 నుంచి కురుపత్ రాధాకృష్ణన్ దాన్ని క్రమబద్ధంగా నడిపారు. తెలుగునాట సికింద్రాబాద్ కిమ్స్‌లో సీతా జయలక్ష్మి, మానస్ పాణిగ్రాహి ఆ బాట పట్టారు. కొత్త మందులెన్నో వచ్చాయి. వాటిలో లెవెటిరాసిటామ్ విరివిగా వాడుకలోకి వచ్చింది.

చట్టం చేసిన గాయం మాత్రం మందులతో మానేది కాదు. 1976 సవరణతో హిందూ వివాహ చట్టంలో, పదేపదే మూర్ఛ వచ్చేవాళ్లు పెళ్లికి అనర్హులన్న మాట చేరింది. ఉన్మాదం, మూర్ఛ పక్కపక్కనే రాశారు. వైద్యులు, భారత మూర్ఛ సంఘం ఏళ్ల తరబడి పోరాడాక 1999 డిసెంబర్‌లో ఆ పదాన్ని తొలగించారు. పాతికేళ్లయినా ఆడపిల్ల మందుల చీటీ దాచి పెళ్లి చేసే ఇళ్లు ఉన్నాయి. అత్తారింట్లో బిళ్ల వేసుకునే వీలు లేక, మానేసి, పొయ్యి దగ్గర పడి కాలినవాళ్లు, బావి గట్టున పడినవాళ్లు ఉంటారు. గర్భం దాల్చినా మందు ఆపకూడదు. వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు బిడ్డకు హాని చేయవచ్చు కనుక ముందే డాక్టరుతో మాట్లాడి మార్చుకోవాలి. మూర్ఛ మందుతోపాటు ఫోలిక్ యాసిడ్ తప్పనిసరి. ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1940లలో అమెరికా లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

మగ్గం మీద కూర్చున్న నేతగాడు ఫిట్స్ వచ్చి పడిపోతే చేయాల్సింది కొంచెమే. పక్కకు ఒత్తిగిల్లేలా తిప్పాలి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, కాళ్లు చేతులు అదిమి పట్టకూడదు. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయాలి. అంబులెన్సులోనే కండరానికి మిడజోలామ్ ఇస్తే, నరానికి లోరజెపామ్ ఇచ్చినదానికన్నా తక్కువ పనిచేయదని 2012లో అమెరికాలో జరిగిన అధ్యయనం చూపింది.

2022లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన ప్రణాళికతో ముడిపెట్టి 2031కి మూడు అంకెలు పెట్టుకున్నారు. మూర్ఛ ఉన్నవాళ్లలో 90 శాతానికి ఇది వైద్యం ఉన్న మెదడు జబ్బని తెలియాలి, 80 శాతానికి మందులు అందాలి, మందు వాడేవాళ్లలో 70 శాతానికి ఫిట్స్ అదుపులోకి రావాలి. అదే ఏడాది ఏప్రిల్‌లో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ కొత్త శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. ఇక్కడ రెండో అంకె నెరవేరాలంటే ముందు ఒక చిన్న పని జరగాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గార్డినాల్, ఫెనిటాయిన్ నిల్వ ఎంత ఉందో, ఎవరికి ఏ తేదీన మళ్లీ ఇవ్వాలో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. ఆ తేదీకి రాని రోగి ఇంటికి ఆశా కార్యకర్త వెళ్లి తలుపు తట్టాలి.