గెలిచినవాడే వెనక్కి నడవాలి

పరుగు పందెంలో గెలిచినవాణ్ని మరుసటి పందెంలో నాలుగడుగులు వెనక నిలబెడితే ఊరుకుంటాడా? అమెరికాలో ట్రాప్ షూటింగ్ ఆడేవాళ్ళు నూట పాతికేళ్ళుగా ఊరుకుంటున్నారు. పైగా ‘నేను ఇరవై ఏడో గజంలో నిలబడతాను’ అని మీసం మెలేసి మరీ చెప్పుకుంటారు. ఆ మాటకు అర్థం: ‘నన్ను ఇంతకంటే వెనక్కి నెట్టడానికి రూలు పుస్తకంలో చోటు లేదు’ అని.

ఆట చూడ్డానికి చాలా తేలిక. నేలలోకి సగం దిగేసి కట్టిన చిన్న గదిలో ఒక యంత్రం ఉంటుంది. దాని వెనక 16 గజాల దూరంలో, మూడేసి గజాల ఎడంతో ఐదు చోట్లు. ఐదుగురు వరసగా నిలబడతారు. తన వంతు రాగానే షూటర్ ‘పుల్’ అని అరుస్తాడు. యంత్రం ఒక పళ్లేన్ని గాల్లోకి విసురుతుంది. అది ఎటు వెళ్తుందో ముందు తెలీదు. సున్నపురాయి పొడి, తారులాంటి జిగురు కలిపి పోతపోసిన ఆ పళ్లెం అడ్డంగా నాలుగుంబావు అంగుళాలు, బరువు వంద గ్రాములు. గంటకు 65 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో బయల్దేరుతుంది. ఒక్కో పళ్లేనికి ఒక్కటే తూటా. ఒక్కో చోట ఐదు చొప్పున పాతిక కొడితే ఒక రౌండ్ అయిపోయినట్టు.

అసలు తగాదా అంతా ‘విరిగింది’ అంటే ఏమిటన్న దగ్గర మొదలవుతుంది. పళ్లెం నుంచి కంటికి కనబడే ముక్క ఒక్కటైనా ఊడిపడాలి. సీసం గుండ్లు తగిలి దుమ్ము లేచినా ముక్క ఊడకపోతే అది తప్పినట్టే. స్కోరర్ ‘లాస్ట్’ అంటాడు, అంతే. నేలమీద పడ్డ పళ్లేన్ని ఏరుకొచ్చి, ‘ఇదిగో చూడండి, రెండు చిల్లులు’ అని చూపించడం కుదరదు. అలా ఏరుకొచ్చి చూపించకూడదని ప్రత్యేకంగా నిబంధన రాశారంటే, ఒకప్పుడు ఎంతమంది ఏరుకొచ్చి ఉంటారో ఊహించుకోవచ్చు. ఏ ఆటకైనా రూలు పుస్తకం మెప్పుల చిట్టా కాదు, పాత అనుమానాల చిట్టా. మేటివాణ్ని వెనక నిలబెట్టి పోటీని సమం చేసే హ్యాండిక్యాప్ అధ్యాయానికి వచ్చేసరికి ఆ అనుమానాలు ఇంకా చిక్కబడతాయి.

మొదట్లో పళ్లేలు లేవు, ప్రాణమున్న పావురాలే. ఇంగ్లండ్‌లో 1793 నాటి ఒక క్రీడా పత్రికే ఈ ఆట అప్పటికే బాగా నాటుకుపోయిందని రాసింది. లండన్ పక్కన ఈలింగ్‌లో ‘ఓల్డ్ హ్యాట్స్’ అనే సారాకొట్టు ఉండేది. నేలలో గుంట తీసి, పావురాన్ని పెట్టి, మీద పాత టోపీ బోర్లించి, తాడు కట్టి లాగేవారు. టోపీ ఎగిరితే పిట్ట ఎగిరేది. ఈనాటికీ షూటర్లు ‘పుల్’ అని అరుస్తున్నారంటే ఆ తాడు లాగుడు ఇంకా పోనట్టే. తర్వాత దొరలు చేరారు. 1869లో మొదలైన హర్లింగ్‌హామ్ క్లబ్ మొదట పావురాల వేట కోసం పెట్టిందే. వాళ్ళ చిహ్నంలో ఇప్పటికీ పావురం ఉంది. గజాల తేడా అక్కడే స్థిరపడింది. మామూలు గురిగాడు పంజరాలకు దగ్గరగా, మేటి గురిగాడు ముప్ఫై గజాల ఆవల. పందేలు జోరుగా సాగే చోట సమానత్వం మీద శ్రద్ధ ఎక్కువ. ఎవరు గెలుస్తారో ముందే తెలిసిపోతే డబ్బు ఎవడు కాస్తాడు?

1900 పారిస్ ఒలింపిక్స్‌లో కూడా బతికున్న పావురాల మీద పోటీ పెట్టారు. మూడు వందల దాకా పక్షులు చచ్చాయి. 21 పక్షుల్ని కొట్టిన బెల్జియం షూటర్ లియోన్ ద లుండెన్ గెలిచాడు. ఆ రక్తం, ఈకల గోల చూసినవాళ్ళు మళ్ళీ ఆ పోటీ జోలికి పోలేదు. బ్రిటన్ 1921లో పంజరం పక్షులను వదిలి కాల్చడాన్ని చట్టంతో ఆపేసింది.

అమెరికాలో పావురాల కొరతే కొత్త దారి చూపించింది. ముందు గాజు బంతులు వచ్చాయి. పగిలినప్పుడు పిట్టను కొట్టిన భ్రమ కలగాలని కొన్ని బంతుల్లో ఈకలు కూరేవారు! ఆడమ్ బొగార్డస్ అనే పేరుమోసిన షూటర్ 1877లో బంతులు విసిరే యంత్రానికి పేటెంట్ తీసుకుని, మరుసటి ఏడాది న్యూయార్క్‌లో 500 నిమిషాల్లోపే ఐదు వేల బంతులు పగలగొట్టాడు. సరదా బాగానే ఉంది గానీ, మైదానం నిండా గాజు పెంకులు. 1880లో సిన్సినాటికి చెందిన జార్జ్ లిగోవ్‌స్కీ మట్టి పళ్లేనికి పేటెంట్ పొందాడు. నీళ్ళ మీద పిల్లలు గుల్లలు విసురుతుంటే చూసి ఆ ఊహ వచ్చిందని ఒక కథ. మొదటి పళ్లేలు మరీ గట్టిగా కాలి, గుండ్లు తగిలినా ఖణేల్‌మని మోగేవి తప్ప విరిగేవి కావు. జిగురు, సున్నపురాయి కలిపాక గాని ఆట గాడిన పడలేదు.

‘గ్రాండ్ అమెరికన్ హ్యాండిక్యాప్’ అనే పోటీ 1893లో న్యూయార్క్ దగ్గరి డెక్స్‌టర్ పార్కులో పావురాల మీదే మొదలైంది. మట్టి పళ్లేల మీద మొదటిసారి జరిగింది 1900లో, క్వీన్స్‌లోని ఇంటర్‌స్టేట్ పార్కులో. ఒహాయోలోని డేటన్‌కు చెందిన రోలా హైక్స్ గెలిచాడు. వందకు 91. ఇవాళ ఏ ఊళ్ళోనైనా కాలేజీ కుర్రాడు అంతకంటే ఎక్కువ కొడతాడు, నిజమే. కానీ హైక్స్ కొట్టింది 22 గజాల నుంచి. అతనికంటే ఆరు గజాలు ముందు నిలబడ్డవాళ్ళు కూడా అతన్ని అందుకోలేకపోయారు.

గజాలు పెరిగితే ఏమవుతుందో లెక్క వేస్తే తెలుస్తుంది. తూటాలో ఔన్సుకు కాస్త మించి సీసం, అంటే సుమారు నాలుగు వందల చిన్న గుండ్లు. తుపాకీ గొట్టం చివర బాగా బిగించినదైతే, నలభై గజాల దగ్గర వాటిలో 70 శాతం ముప్ఫై అంగుళాల వృత్తంలో పడతాయి. ఆ దూరంలో ఎదురుగా అంచు మాత్రమే కనబడే పళ్లెం మీద పడేవి సగటున రెండు. ఒక్కోసారి ఒకటి. ఒక్కోసారి పళ్లెం గుండ్ల మధ్య సందులోంచి క్షేమంగా దాటిపోతుంది. 16 గజాల నుంచి కొట్టేవాడు పళ్లేన్ని తన తుపాకీకి 33 గజాల దగ్గరే దొరకబుచ్చుకుంటాడు. 27 నుంచి కొట్టేవాడికి అది నలభై దాటాకే అందుతుంది. వెనక నిలబడితే పళ్లెం పక్కకు పోయే కోణం తగ్గుతుంది కదా, అది సుఖమే కదా అని వాదించేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో చాలామంది 19వ గజం వాళ్ళే.

ఇక ఎవరిని ఎన్ని గజాల్లో నిలబెట్టాలి? తొలి రోజుల్లో ఒక కమిటీ కూర్చుని తేల్చేది. పేరు పిలవడం, ‘ఇతను ఇరవై’, ‘ఇతను ఇరవై రెండు’ అనడం. గుర్రప్పందేల్లో బరువులు నిర్ణయించే పద్ధతే ఇది. ఇంగ్లండ్‌లో 1855 నుంచి అడ్మిరల్ రౌస్ చేసిన పని. మన మలక్‌పేట రేసుల్లోనూ మంచి గుర్రానికి ఎక్కువ బరువు వేస్తారు. కాకపోతే గుర్రం నోరు విప్పి కమిటీని ప్రశ్నించదు. షూటర్ ప్రశ్నిస్తాడు.

1916లో ఔత్సాహిక షూటర్ల జాతీయ సంఘం పెట్టినప్పుడు దాని తొలి అధ్యక్షుడు జాన్ ఫిలిప్ సౌసా. సైనిక బ్యాండు పాటలతో అమెరికాను ఊపేసిన సంగీతకర్త ఆయనే. 35 వేలకు పైగా పళ్లేలు రికార్డు పుస్తకాల్లో ఆయన పేరు మీద ఉన్నాయి. తుపాకీ గురి ప్రదర్శనలతో పేరు తెచ్చుకున్న యానీ ఓక్లీ 1922లో, అరవై దాటిన వయసులో, పైన్‌హర్స్ట్‌లో 16 గజాల నుంచి వరసగా వంద కొట్టింది. ఇలాంటివాళ్ళను, వారానికో సాయంత్రం వచ్చే రైతును ఒకే బహుమతికి పోటీ పెట్టాలి. 1923లో ఏర్పడ్డ అమెచ్యూర్ ట్రాప్‌షూటింగ్ అసోసియేషన్ ఈ చిక్కును ఒంటి చేత్తో విప్పలేదు, కాగితంతో విప్పింది. దేశంలో ఎక్కడ కాల్చినా ప్రతి స్కోరూ కేంద్ర కార్యాలయానికి చేరాలి. సగటు కట్టాలి. వందకు 96 గాని, ఆపైన గాని కొడితే కనీసం అర గజం వెనక్కి. పోటీ గెలిస్తే వెనక్కి. బాగా ఆడకపోతే ముందుకు రావచ్చు గాని, ముందుకు తెచ్చే ముందు పాత స్కోర్లన్నీ తిరగేస్తారు. వెనక్కి నెట్టడం చటుక్కున, ముందుకు తేవడం నిదానంగా. ఆ తేడాలోనే సంఘానికి మనుషుల మీద ఉన్న నమ్మకం ఎంతో తెలుస్తుంది. చివరి గీత 1955లో 25 నుంచి 27కు జరిగింది.

ఊరి లీగులకు ఇంత తతంగం పెట్టుకోవడం కష్టం. బుధవారం సాయంత్రం పనులు ముగించుకుని వచ్చే ఐదుగురి జట్లు, పది పన్నెండు వారాల సీజన్. అందుకని చాలా లీగుల్లో అందరినీ 16 గజాల దగ్గరే నిలబెట్టి, బలహీనుడి స్కోరుకు కొన్ని పళ్లేలు కలుపుతారు. మన పిల్లల ఆటల్లో బుడ్డోణ్ని ‘ఆటలో అరటిపండు’ అని చేర్చుకుంటామే, అది వేరు. అరటిపండు గెలవడు, ఓడడు. ఇక్కడ వాడు గెలవాలి. కనీసం గెలిచే అవకాశం ఉండాలి.

లెక్క ఎలాగంటే, 25లోంచి సగటు తీసేసి, తేడాలో 80 శాతం కలపడం. సగటు 19 ఉన్నవాడికి తేడా 6, అందులో 80 శాతం 4.8, అంటే 5. సగటు 24 ఉన్నవాడికి 1. ఇద్దరూ తమ సగటే ఆడితే ఒకరికి 24, ఇంకొకరికి 25. మేటికి ఒక్క పళ్లెం లాభం. మొత్తం తేడా కలిపేస్తే కష్టపడి నేర్చుకున్నదానికి విలువేముందని మేటి గొణుగుతాడు; అందుకే నూరు శాతం కాకుండా ఎనభై. ఇంతవరకు న్యాయంగానే ఉంది. కానీ 19 సగటువాడికి ఒక మంచి సాయంత్రం కలిసొచ్చి 22 కొట్టాడనుకోండి. ఐదు కలిపితే 27. అదే రోజు మేటి ఒక్కటీ తప్పకుండా 25కు 25 కొట్టినా ఒకటి కలిపితే 26! తుపాకీతో ఇంతకంటే బాగా ఆడటం సృష్టిలో కుదరదు, అయినా ఓడిపోయాడు. కింద ఉన్నవాడికి పైకి ఎగరడానికి ఆరు మెట్లున్నాయి, పైనున్నవాడికి ఒకటే. కలిపే హ్యాండిక్యాప్‌లో ఉన్న మూల లోపం ఇదే. మొత్తం 25 దాటకూడదని రూలు పెట్టి కొన్ని క్లబ్బులు అతుకు వేస్తాయి. గజాల పద్ధతిలో ఈ తంటా లేదు. ఎవడు విరగ్గొట్టిన ముక్కలు వాడివే, ఎరువు తెచ్చుకున్న ముక్కలుండవు. నా ఓటు గజాలకే.

గురి దాచుకునేవాళ్ళ సంగతి ఇంకోటి. సీజన్ మొదటి రెండు మూడు వారాలు నాలుగు పళ్లేలు కావాలని వదిలేస్తే సగటు పడిపోతుంది, చివర్లో పంట పండుతుంది. దీనికి విరుగుడుగా కిందటేడు సగటును ఆధారం చేసుకుంటారు, సగటు ఎంత పడినా ఫలానా గీత కిందికి దిగనివ్వరు. రాని మనిషి చోట అతని సగటులోంచి ఒకటో రెండో తగ్గించి రాసుకుంటారు. లేకపోతే ఫామ్‌లో లేనివాణ్ని ఇంట్లో కూర్చోబెట్టే కెప్టెన్లు తయారవుతారు.

వీటన్నిటితో విసిగినవాళ్ళకు లూయిస్ పద్ధతి ఉంది. ముందుగా ఎవరికీ ఏమీ కలపరు. పోటీ అయ్యాక స్కోర్లన్నీ పై నుంచి కిందికి పేర్చి సమానంగా కోస్తారు. 24 మంది ఉంటే ఆరేసి మందితో నాలుగు వర్గాలు. ప్రతి వర్గంలో మొదటివాడికి బహుమతి. గీత ఎక్కడ పడుతుందో ఆట ముగిసే దాకా ఎవరికీ తెలీదు గనక, గురి దాచుకుని లాభం లేదు. ఆరో స్థానంవాడు ఖాళీ చేతులతో వెళ్తాడు, వాడికంటే ఒకటి తక్కువ కొట్టిన ఏడో స్థానంవాడు రెండో వర్గంలో ప్రథముడై బహుమతి పట్టుకెళ్తాడు. దీన్ని న్యాయం అనలేం గాని, మోసం అని కూడా అనలేం. లాటరీకి కాస్త దగ్గర. ఊరి క్లబ్బులకు అదే నచ్చింది.

మన దేశంలో ఈ క్రీడ ఒలింపిక్ దారిన నడిచింది. అక్కడ హ్యాండిక్యాప్ ఊసే లేదు. కందకంలో పదిహేను యంత్రాలు, వెనక పదిహేను మీటర్ల దగ్గర అందరికీ ఒకటే గీత. బికనీర్ మహారాజు కర్ణీసింగ్ 1962 ప్రపంచ పోటీల్లో రజతం తెచ్చాడు. 2006లో మానవ్‌జీత్ సింగ్ సంధు ప్రపంచ విజేత అయ్యాడు. హైదరాబాద్ కుర్రాడు కైనాన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడాడు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో జట్టుతో స్వర్ణం, సొంతంగా కాంస్యం సాధించాడు. ఈ ముగ్గురూ ఎన్ని పతకాలు గెలిచినా అర గజం వెనక్కి జరగాల్సిన అవసరం రాలేదు.

అమెరికాలో గ్రాండ్ అమెరికన్ 1924 నుంచి 2005 దాకా ఒహాయోలోని వ్యాండేలియాలో జరిగింది. మైలున్నర పొడవున వంద యంత్రాలు. పక్కనున్న డేటన్ విమానాశ్రయం పెరిగేసరికి చోటు ఖాళీ చేయాల్సి వచ్చి, 2006లో ఇల్లినాయిలోని స్పార్టాకు మారింది. అక్కడ 120 యంత్రాలు. చోటు పెరిగింది గాని గజాలు పెరగలేదు. తూటాలు, తుపాకులు, కంటి అద్దాలు, శిక్షణ అన్నీ మెరుగై, ఒకప్పుడు ఏ కొద్దిమందికో దక్కే 27వ గజంలో ఇప్పుడు క్యూ కడుతున్నారు. అక్కడ నిలబడి వందకు వంద కొట్టేవాణ్ని ఇంకెక్కడికి నెట్టాలి? 30 దాకా పెంచమని కొందరు, పళ్లెం వేగం పెంచమని కొందరు, సీసం తగ్గించమని ఇంకొందరు. షూటర్లు నిలబడే సిమెంటు బాటను ప్రతి క్లబ్బూ 27వ గజం దాకానే పోయించుకుంది. మూడు గజాలు పెంచాలంటే ఊరూరా మళ్ళీ సిమెంటు పోయాలి, ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్న దగ్గరికి వచ్చేసరికి సమావేశం వాయిదా పడుతుంది.