అలంపురము: తరలిన రాళ్లు, తరలిన మనుష్యులు

బీచుపల్లి వద్ద కృష్ణను దాటి దక్షిణముగా వెళ్తే తుంగభద్ర ఒడ్డున అలంపురము చేరుతాము. ఇక్కడి నవబ్రహ్మ ఆలయాలు 7, 8 శతాబ్దాల బాదామి చాళుక్యుల కాలమునకు చెందినవి. పేరు బ్రహ్మదైనా ఇవి శివాలయాలే.

శ్రీశైలం జలాశయపు ముంపు నుండి ఈ పట్టణమును కాపాడుటకు రక్షణ గోడ కట్టారు. కృష్ణా తుంగభద్రల సంగమము వద్దనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి, రాళ్లను ఇక్కడికి తెచ్చి తిరిగి నిలిపారు.

అయితే అదే జలాశయము కొరకు సుమారు 100 గ్రామాల ప్రజలు ఇండ్లు విడిచారు. 1981లో అనేక ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆలయమును రాయి రాయిగా తిరిగి పేర్చినట్లు ఒక ఊరి ఇరుగుపొరుగును తిరిగి పేర్చుట సాధ్యము కాదు.

కనుక శాసనములు చదివే మనము, ముంపు గ్రామాల వృద్ధుల జ్ఞాపకాలను కూడా వారు జీవించి ఉండగానే వ్రాసి భద్రపరచవలసి ఉన్నది. అదియు చరిత్రయే.