కుక్క గొంతులో ఎముక ఇరుక్కుందా? చెయ్యి పెట్టేముందు ఈ చరిత్ర చదవండి

పోస్టు కొంచెం పెద్దదే. కానీ ఇంట్లో కుక్కో పిల్లో, చావిట్లో గేదో ఉన్న ప్రతి ఒక్కరూ చివరిదాకా చదవాల్సిన విషయం.

మంచిగా తిరిగే కాపలా కుక్క ఒకరోజు నోరు మూయలేకుండా మూలన కూర్చుంటుంది. కింది దవడ వేలాడుతుంటుంది. చొంగ కారుతుంది. నీళ్ల తొట్టిలో మూతి పెడుతుంది గానీ గుటక పడదు. మొరుగు బొంగురుపోతుంది. చూసినోళ్లు అనే మొదటి మాట, "గొంతులో ఎముక ఇరుక్కున్నట్టుంది, నోరు తెరిచి తీయండ్రా" అని. ఎవరో ఒకరు చెయ్యి పెడతారు. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే.

ఎముక ఇరుక్కోవడం నిజంగానే జరుగుతుంది. పన్ను పుచ్చినా, చిగుళ్లు చీము పట్టినా, పిల్లికి నాలుక మీద పుళ్లు లేచినా చొంగ కారుతుంది. కానీ ఇదే వేషంలో వచ్చే జబ్బు ఇంకొకటుంది, రేబిస్. పిచ్చికుక్క అంటే వెంటపడి కరిచేదే అని మనం అనుకుంటాం. అది ఒక రకమే. రెండోది మూగ రకం. ఎవరి జోలికీ పోదు, దవడ జారి, గొంతు పడిపోయి, జాలిగా చూస్తుంటుంది. ఆ జాలి చూసే మనం దగ్గరికి పోతాం.

ఈ లక్షణాలు మన పాతవాళ్లకి తెలుసు. సుశ్రుత సంహితలో కల్పస్థానం అనే భాగం విషాల గురించి చెబుతుంది. పిచ్చెక్కిన కుక్కకి తోక, దవడ, భుజాలు జారిపోతాయనీ, నోటి నుంచి చొంగ ధారగా కారుతుందనీ అందులో ఉంది. కరిపించుకున్న మనిషి నీళ్లంటే భయపడ్డాడంటే ఇక బతకడనీ ఉంది. అన్ని వందల ఏళ్ల కిందటే ఇంత కచ్చితంగా చూశారు. చూడటం కుదిరింది గానీ, కారణం అందలేదు.

కారణం దొరకనప్పుడు మనిషి ఏదో ఒకటి ఊహిస్తాడు. మొదటి శతాబ్దంలో రోమ్‌లో ప్లినీ అనే ఆయన, కుక్క నాలుకలో ఒక పురుగు ఉంటుందనీ, కుక్కపిల్లగా ఉన్నప్పుడే దాన్ని తీసేస్తే పిచ్చి రాదనీ రాశాడు. ఆ మాట నమ్మి యూరప్‌లో వందల ఏళ్లపాటు కుక్కపిల్లల నాలుకలు కోశారు. నిజానికి అది పురుగు కాదు. ప్రతి కుక్కకీ నాలుక కొన కింద ఉండే చిన్న కడ్డీలాంటి భాగం. జబ్బు నోట్లో కనపడుతుంది కాబట్టి పుట్టేదీ నోట్లోనే అనుకున్నారు. ఇప్పుడు మనం ఎముక ఇరుక్కుందని అనుకోవడం కూడా అలాంటిదే.

1804లో జర్మనీలో జింకే అనే వైద్యుడు ఒక పరీక్ష చేశాడు. పిచ్చికుక్క చొంగ తీసి, మంచి కుక్కకి చిన్న గాటు పెట్టి దానికి పూశాడు. కరవకపోయినా ఆ కుక్కకి జబ్బు వచ్చింది. అంటే ప్రమాదం పంటిలో లేదు, చొంగలో ఉంది. గాటు ఉంటే చాలు, కాటు అక్కర్లేదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. మన చేతులకి పత్తికంప గీతలు, మిరప కోతలప్పుడు పడ్డ గాట్లు ఎప్పుడూ ఉంటూనే ఉంటాయి.

తర్వాత పాశ్చర్ వచ్చాడు. జబ్బు అసలు స్థావరం నోరు కాదు, మెదడూ నరాలూ అని తేల్చింది ఆయనా, ఆయన శిష్యులూ. 1885 జూలై 6న జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లాడికి, ఎండబెట్టిన కుందేలు వెన్నుపాముతో చేసిన మందు సూది ద్వారా ఇవ్వడం మొదలుపెట్టారు. పిల్లాడు బతికాడు.

మన దేశానికి ఆ వైద్యం 1900లో వచ్చింది, అదీ ఇప్పటి హిమాచల్‌లో ఉన్న కసౌలీకి. దక్షిణాదికి ఏమీ లేదు. 1902లో లిల్లీ పేకెన్‌హామ్ వాల్ష్ అనే ఆంగ్ల యువతి ఈ జబ్బుతో చనిపోయాక ఇక్కడా ఒక సంస్థ కావాలని గట్టిగా అడిగారు. హెన్రీ ఫిప్స్ అనే అమెరికా ధనవంతుడు వైస్రాయ్ కర్జన్‌కి ఇచ్చిన విరాళంలోంచి 1907లో నీలగిరుల్లోని కూనూరులో పాశ్చర్ సంస్థ లేచింది. బీహార్‌లోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ మొదలైందీ అదే విరాళంతోనే. పొలానికి సాయపడిన డబ్బే కుక్కకాటుకీ సాయపడిందన్నమాట.

అప్పటి మన పల్నాడు, 1904లో ఏర్పడ్డ గుంటూరు జిల్లాలో ఒక తాలూకా. మాచర్లకి ఇంకా రైలు లేదు. ఇక్కడ ఎవరికన్నా పిచ్చికుక్క కరిస్తే బండి కట్టుకుని గుంటూరు, అక్కణ్ణించి రైళ్లు మారుతూ మద్రాసు, మేట్టుపాళెం, ఆపైన కొండ రైలెక్కితే కూనూరు. అప్పు చేసుకునైనా అంత దూరం పోగలిగేవాళ్లు ఎంతమంది? మిగతావాళ్లకి ఆకు పసరు, మంత్రం, సున్నమే దిక్కు. కరిచిన ప్రతి కుక్కా పిచ్చిది కాదు కాబట్టి కొందరు బతికేవాళ్లు. ఆ పేరు పసరుకి పోయేది. పసరు మీద నమ్మకం ఇప్పటికీ పోకపోవడానికి కారణం అదే.

1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ గొర్రె మెదడుతో కొత్త మందు తయారుచేశాడు. కార్బాలిక్ ఆసిడ్‌తో వైరస్‌ని చంపేసిన మందు కాబట్టి సీసాల్లో దూరాలకి పంపే వీలు కలిగింది. మన పెద్దోళ్లు చెప్పే "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు" ఇదే. ఎంతోమందిని కాపాడింది. కానీ అందులో మెదడు పదార్థం ఉండటంతో కొద్దిమందికి కాళ్లూ చేతులూ పడిపోయేవి. జనం కుక్క కంటే సూదికే ఎక్కువ భయపడ్డారు. 2004-05 నాటికి మన దేశంలో దాని వాడకం ఆగిపోయింది.

ఇప్పుడు వచ్చేది కణాల మీద పెంచి చేసే టీకా, చేతికే వేస్తారు. ఎన్‌డీడీబీ వాళ్లు 1982లో హైదరాబాదులో పెట్టిన ఇండియన్ ఇమ్యునోలాజికల్స్, మన గొడ్ల గాలికుంటు టీకాతో పాటు మనుషులకీ కుక్కలకీ రేబిస్ టీకాలు చేస్తోంది. ఒకప్పుడు కూనూరు దాకా పోవాల్సిన మందు ఇవాళ సర్కారు ఆసుపత్రిలో ఉచితం.

ఇంత చరిత్ర ఎందుకు చెప్పానంటే, మందు దగ్గరికొచ్చింది గానీ నోట్లో చెయ్యి పెట్టే అలవాటు మాత్రం పోలేదు. వైరస్ గాయంలోంచి నరాల వెంట మెల్లగా మెదడుకి పోతుంది. అక్కణ్ణించి లాలాజల గ్రంథులకి దిగుతుంది. అదే సమయంలో గొంతు కండరాలు పడిపోతాయి. అంటే వైరస్ నిండిన చొంగ మింగుడుపడక నోట్లోనే నిలుస్తుంది. మనం చెయ్యి పెట్టేది సరిగ్గా అందులో.

గేదెలకీ ఎద్దులకీ ఇంతే. పిచ్చికుక్క కరిచిన గొడ్డు కొన్ని వారాలకో నెలలకో మేత మానేసి, బొంగురుగా అరుస్తూ, చొంగ కారుస్తుంది. గాలికుంటేమో, గొంతులో ఏదన్నా అడ్డం పడిందేమో అని నాలుక పట్టుకుని లాగి చూస్తాం, గొట్టంతో మందు తాగిస్తాం. వద్దు. గాలికుంటో, అడ్డమో, రేబిసో పశువుల డాక్టరే తేల్చాలి.

చెయ్యాల్సినవి ఇవీ:

నోరు మూయలేని, గుటక పడని కుక్కనీ పిల్లినీ ముట్టుకోవద్దు. పిల్లల్ని దూరంగా పెట్టండి. వీలైతే గదిలో మూసి, డాక్టర్ని పిలవండి.

కరిచినా, రక్కినా, గాటు మీద చొంగ పడినా ముందు పంపు కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగండి. కారం, పసుపు, సున్నం, పసరు పూయొద్దు.

అదే రోజు ఆసుపత్రికి పోండి. రక్తం వస్తే టీకాతో పాటు గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబులిన్ కూడా అడగండి. చెప్పిన తేదీల్లో సూదులన్నీ వేయించుకోండి, ఒకటీ రెండుతో ఆపొద్దు. జబ్బు బయటపడ్డాక మందు లేదు.

కుక్కపిల్లకి మూడు నెలలకి టీకా వేయించండి. తర్వాత డాక్టరు చెప్పినప్పుడు రెండోది, ఆపైన ఏటా ఒకటి. మైస్టర్‌కి సూది వేసిన జూలై 6నే ప్రపంచ జూనోసిస్ దినం. ఆ రోజు పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి ఉచితంగా టీకాలు వేస్తారు. ఈసారి నరసరావుపేట, గురజాల, మాచర్ల, ఎక్కడ దగ్గరైతే అక్కడికి మీ కుక్కని తోలుకుపోండి. పక్కింటోళ్లకి కూడా చెప్పండి.