ఆంధ్ర యూనివర్సిటీ: మీ సీటు క్యాంపస్‌లోనా, అనుబంధ కాలేజీలోనా?

పీజీ వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ‘ఆంధ్ర యూనివర్సిటీ’ అన్న పేరు చూసి ఆప్షన్ ఇచ్చేస్తారు. తీరా సీటొచ్చాక చూస్తే అది విశాఖ క్యాంపస్ కాదు, ఎక్కడో ఉన్న అనుబంధ ప్రైవేటు కాలేజీ. పట్టా మీద వర్సిటీ పేరు అదే. కానీ ల్యాబ్‌లు, లైబ్రరీ, హాస్టల్, ఫీజు వేరు. అందుకే వర్సిటీ పేరుతో పాటు కాలేజీ పేరు, ఊరు కూడా చదవాలి.

ఏయూ 1926లో బెజవాడలో మొదలైంది. తొలి వీసీ కట్టమంచి రామలింగారెడ్డి. 1930లో వాల్తేరుకు మారింది. 1931 నుంచి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్ వీసీగా ఉన్నారు. సైన్స్ చదువులకు జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయల విరాళం ఇచ్చారు. ఆ రోజుల్లో లక్షంటే ఎంతో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు క్యాంపస్‌లో ఆర్ట్స్, సైన్స్, ఇంజినీరింగ్, లా, ఫార్మసీ కాలేజీలు ఉన్నాయి. సముద్రం దగ్గరే. సాయంత్రమైతే సగం హాస్టల్ బీచ్‌రోడ్డు మీదే ఉంటుందని పాత విద్యార్థులు నవ్వుతూ చెబుతారు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు మాత్రం వీఎస్ కృష్ణా లైబ్రరీయే అడ్డా. పల్లె నుంచి వచ్చి, బయట గది అద్దె భరించలేని విద్యార్థికి హాస్టల్ దొరకడమే అసలు చదువు. సీటు వచ్చినంత మాత్రాన హాస్టల్ వచ్చినట్టు కాదు, దానికి విడిగా దరఖాస్తు చేయాలి. అడ్మిషన్ రోజే అడగండి.

సీటు ఎలా? పీజీకి ఏపీ పీజీసెట్, బీటెక్‌కు ఈఏపీసెట్, లాకు లాసెట్. రెగ్యులర్ సీటుకూ సెల్ఫ్ సపోర్ట్ సీటుకూ ఫీజులో తేడా ఉంటుంది. ఆప్షన్ పెట్టే ముందే చూసుకోవాలి.

అమ్మానాన్నల సర్టిఫికెట్ల గురించీ ఓ మాట. ఒకప్పుడు గుంటూరు నుంచి శ్రీకాకుళం దాకా కాలేజీలు ఏయూ కిందే ఉండేవి. 1976లో నాగార్జున, 2006లో రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ, 2008లో ఎచ్చెర్లలో అంబేద్కర్ వర్సిటీలు వచ్చాయి. ఉదాహరణకు, 1995లో రాజమండ్రిలో ఏయూ డిగ్రీ పాసైనవారికి ఇప్పుడు డూప్లికేటో, విదేశాలకు పంపే ట్రాన్‌స్క్రిప్టో కావాలంటే నన్నయకు వెళ్తే లాభం లేదు, ఏయూ పరీక్షల విభాగాన్నే అడగాలి. మార్పు జరిగిన ఏళ్లలో చదివినవారు మార్కుల జాబితా పైన ఏ వర్సిటీ పేరుందో చూసి అక్కడికే వెళ్లాలి. హాల్ టికెట్ నంబరు, పాసైన సంవత్సరం దగ్గర ఉంచుకుంటే ఒక తిరుగుడు తగ్గుతుంది.