కాల్చి తూచితే తెలిసింది

రసాయనశాస్త్రంలో మాకు ఒక లెక్క ఇస్తారు. కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ మాత్రమే ఉన్న 6 గ్రాముల పదార్థాన్ని పూర్తిగా కాలిస్తే 8.8 గ్రాముల కార్బన్ డై ఆక్సైడ్, 3.6 గ్రాముల నీరు వచ్చాయి. ఆ పదార్థం ఫార్ములా ఏమిటి? ఐదు నిమిషాల్లో చేసేస్తాం. కానీ ఈ చిన్న లెక్క మన నోట్సులోకి రావడానికి దాదాపు ఎనభై ఏళ్ళు పట్టింది.

మొదలుపెట్టింది ఫ్రాన్స్ శాస్త్రవేత్త లవోయిజర్. కాలినప్పుడు ఏదీ మాయం కాదు, రూపం మారుతుంది అంతే అని ఆయన తక్కెడతో చూపించాడు. 1780లలో ఆల్కహాల్‌ను, నూనెలను ఆక్సిజన్‌లో కాల్చి, వచ్చిన వాయువునూ నీటినీ కొలిచాడు. ఆయన పన్నుల వసూలు సంస్థలో భాగస్తుడు కూడా. ఆ కారణంగా ఫ్రెంచి విప్లవకాలంలో 1794లో ఆయనకు మరణశిక్ష వేశారు. ఆ పని తర్వాతివాళ్ళ చేతికి వచ్చింది. గే-లుస్సాక్, థెనార్ పదార్థంతో పాటు పొటాషియం క్లోరేట్ కలిపి కాల్చారు. తర్వాత గే-లుస్సాక్ కాపర్ ఆక్సైడ్ వాడాడు. స్వీడన్‌లో బెర్జీలియస్ నీటిని కాల్షియం క్లోరైడ్‌తో పట్టి తూచాడు.

అసలు కష్టం వాయువుతోనే. దాని ఘనపరిమాణం కొలవాలంటే చాలా కొద్ది పదార్థమే కాల్చాలి. కొద్ది పదార్థంలో చిన్న తేడా వచ్చినా ఫార్ములా మారిపోతుంది. 1831లో జర్మనీలోని గీసెన్‌లో లీబిగ్ దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. త్రిభుజంలా వంచిన గాజు గొట్టంలో ఐదు బుడ్లు, వాటిలో పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం. నీటి ఆవిరిని ముందే కాల్షియం క్లోరైడ్ గొట్టం పీల్చుకుంటుంది, కార్బన్ డై ఆక్సైడ్‌ను ఈ బుడ్లు పీల్చుకుంటాయి. ముందొకసారి, తర్వాత ఒకసారి తూస్తే చాలు. ఇక విద్యార్థులు కూడా ఈ పని చేయగలిగారు. వేరే దేశాల నుంచి కూడా గీసెన్‌కు నేర్చుకోవడానికి వచ్చారు.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. 44 గ్రాముల కార్బన్ డై ఆక్సైడ్‌లో 12 గ్రాములు కార్బన్, కాబట్టి 8.8లో 2.4 గ్రాములు. 18 గ్రాముల నీటిలో 2 గ్రాములు హైడ్రోజన్, కాబట్టి 3.6లో 0.4 గ్రాము. 6 గ్రాములలో మిగిలిన 3.2 గ్రాములు ఆక్సిజన్. ఆక్సిజన్‌ను నేరుగా ఎవరూ తూచలేదు, గమనించండి. తూకంలో ఎక్కడ తేడా వచ్చినా దాని లెక్కలోకే వచ్చి పడుతుంది. ఈ బరువులను వరుసగా 12, 1, 16తో భాగిస్తే 0.2, 0.4, 0.2. అంటే నిష్పత్తి 1:2:1.

అయితే ఇది వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లమా, గ్లూకోజా? రెండింటికీ ఇదే నిష్పత్తి! అణుభారం 60 అయితే ఎసిటిక్ ఆమ్లం కావచ్చు, 180 అయితే గ్లూకోజ్ కావచ్చు. కాల్చడం వల్ల నిష్పత్తి తెలుస్తుంది గానీ అణువు పరిమాణం తెలియదు. పైగా ఆ రోజుల్లో కార్బన్ పరమాణు భారం 12 అని కొందరు, 6 అని కొందరు లెక్క వేసేవారు. కేకులే తన పాఠ్యపుస్తకంలో ఒక్క ఎసిటిక్ ఆమ్లానికే 19 ఫార్ములాలు చూపించాడు. 1860లో కార్ల్స్‌రూహె సమావేశంలో ఇటలీ శాస్త్రవేత్త కన్నిజారో, అవొగాడ్రో సూత్రంతో ఈ గందరగోళానికి దారి చూపించాడు.

వీటన్నిటికంటే నాకు నచ్చినది లీబిగ్, వోలర్‌ల గొడవ. 1820లలో లీబిగ్ పేలే గుణమున్న సిల్వర్ ఫల్మినేట్‌ను విశ్లేషించాడు. వోలర్ పేలని సిల్వర్ సయనేట్‌ను విశ్లేషించాడు. ఇద్దరికీ ఒకే అంకెలు వచ్చాయి. ఇంత వేర్వేరు పదార్థాలకు ఒకే ఫార్ములా ఎలా ఉంటుంది? వోలర్ విశ్లేషణ తప్పని లీబిగ్ అన్నాడు. కానీ మాట అని ఊరుకోలేదు, మళ్ళీ పరీక్షించాడు. వోలర్ అంకెలు సరైనవే. ఇద్దరూ ఒప్పే! పరమాణువులు అవే, అమరిక వేరు. 1830లో బెర్జీలియస్ ఇలాంటివాటికి ఐసోమర్లు అని పేరు పెట్టాడు. గొడవపడిన ఇద్దరూ జీవితాంతం స్నేహితులయ్యారు.

ఎదుటివాడి జవాబు మన జవాబుతో పేచీ పడితే, వాడిది తప్పు అనడం తేలిక. మళ్ళీ తక్కెడ దగ్గరికి వెళ్ళడమే కష్టం. లీబిగ్ అలా వెళ్ళకపోయి ఉంటే, రెండు నిజాల్లో ఒకటి తప్పుగా మిగిలిపోయేది.